ఎండల సీమలో డి విటమిన్ లెక్కలు

ఏటా ఏప్రిల్ దాటగానే పత్రికల్లో ఎండల వార్త వస్తుంది, ఆ వార్తలో పల్నాటి రెంటచింతల పేరు ఉంటుంది. అక్కడ వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉండటం ఒక కారణమైతే, నిజంగానే అక్కడ నిప్పులు కురవటం రెండో కారణం. నాపరాయి నేల, చెట్టు తక్కువ, గాలి పొడి. ఆ ఊరికి ఇటు మాచర్లలోనూ అటు గురజాల, పిడుగురాళ్ల, నరసరావుపేటల్లోనూ ఏ మందుల షాపుకు వెళ్లినా అరవై వేల యూనిట్ల డి విటమిన్ పొట్లం దొరుకుతుంది. చీటీ ఉన్నా ఇస్తారు, లేకపోయినా ఇస్తారు. మోకాళ్లు పీకుతున్నాయన్నా, పిక్కలు లాగుతున్నాయన్నా, జుట్టు ఊడుతోందన్నా, నీరసమన్నా చివరికి చేతిలో పడేది ఆ పొట్లమే.

ఎండ ఇంత కాసే చోట ఎండ విటమిన్ కొనుక్కోవటమేమిటని వెటకారం చేయటం తేలిక. కానీ లోపం అబద్ధం కాదు. తిరుపతి స్విమ్స్ వైద్య సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఆంధ్రప్రదేశ్ ప్రజల్లో డి విటమిన్ స్థాయిలను కొలిచి 2007, 2008 సంవత్సరాల్లో ప్రచురించింది. పొలం పనులు చేసే పల్లె జనంలో పట్నవాసుల కన్నా స్థాయి మెరుగ్గా ఉంది. అయినా రెండు చోట్లా లోపమున్నవాళ్లు బోలెడుమంది. రెండు చోట్లా తిండిలో కాల్షియం ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. గింజ ధాన్యాల్లోని ఫైటేట్లు ఆ కొంచెం కాల్షియాన్నీ పేగుల్లోనే పట్టి ఉంచుతాయి. అదే బృందం తర్వాత చేసిన పరిశీలనలో తిరుపతి ఎండలో చర్మం డి విటమిన్ బాగా తయారుచేసే వేళ పగలు 11 నుంచి 2 వరకు అని తేలింది. మే నెలలో ఆ వేళకు రెంటచింతల వీధిలో కుక్క కూడా కనపడదు. మిరపకోతల కాలంలో కూలికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు, తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుంటారు. మిరప ఘాటు నుంచి, ఎండ దెబ్బ నుంచి అది వాళ్ల రక్షణ. చర్మానికి తగిలే ఎండ మాత్రం ముక్కూ వేళ్ల వరకే. కాబట్టి పల్నాటిలో డి లోపం ఉంటుందా అని అడిగితే ఉంటుంది. ఆ లోపాన్ని సరిదిద్దే తీరులో ప్రమాదం ఎక్కడ దూరుతుందన్నదే ఈ సమీక్షకు విషయం.

ముందుగా ఒక్క మాట. ఎండ వల్ల డి విటమిన్ ఎప్పుడూ ఎక్కువైపోదు. చర్మంలో తయారైన ముడిపదార్థాన్ని అదే ఎండ ఎక్కువసేపు తగిలితే పనికిరాని వేరే రూపాలుగా మార్చేస్తుంది. రోజంతా పొలంలో గొర్రు తోలినా చర్మం తన హద్దు దాటదు. నోటి ద్వారానో సూది ద్వారానో వెళ్లినదానికి ఆ హద్దు లేదు. ఎంత మింగితే అంతా లోపలికి పోతుంది, కొవ్వులో దాక్కుంటుంది, నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలామటుకు మూత్రంలో కొట్టుకుపోతాయి. డి అలా పోదు. "విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక యూనిట్లు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు చాలు. వైద్యుడి అజమాయిషీ లేకుండా రోజూ తీసుకోదగిన గరిష్ఠ హద్దు 4,000. ఒక పొట్లంలో ఉండేది 60,000. అంటే నూరు రోజులకు సరిపడా డి ఒక గ్రాము పొడిలో ఉంది. లోపం తేలినవాళ్లకు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇవ్వటం మామూలు పద్ధతి. మొత్తం కలిపితే 4,80,000 యూనిట్లు. దీనివల్ల ఆరోగ్యవంతుడికి సాధారణంగా ముప్పు లేదు. అదే మనిషి "వారానికి" అనే మాట వినకుండా రోజుకొకటి వేసుకుంటే ఎనిమిది వారాలకు 33,60,000 యూనిట్లు లోపలికి వెళ్తాయి.

ఈ అంకెను గుర్తుపెట్టుకుని ఇంకో అంకె చూడండి. ఢిల్లీ పక్కన గుర్గావ్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి వైద్యులు డి విటమిన్ విషంగా మారి వచ్చిన 16 మంది వివరాలు 2015లో ప్రచురించారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. వాళ్ల ఒంట్లోకి వెళ్లిన మొత్తం డోసు మధ్యస్థంగా 36 లక్షల యూనిట్లు. రోజుకో పొట్లం రెండు నెలలు వేసుకున్న లెక్కకు దాదాపు దగ్గర. వాళ్లలో రక్తపు కాల్షియం మధ్యస్థంగా 13 మిల్లీగ్రాములు, మామూలుగా పదిన్నర దాటకూడదు. డి స్థాయి 371 నానోగ్రాములు, 20 నుంచి 30 ఉంటే చాలునంటారు. వీళ్లెవరూ కోరి విషం తాగినవాళ్లు కారు. లోపం ఉందని, లేదా ఉండి ఉంటుందని, మోతాదు మించి రాసిన మందు వాడినవాళ్లు. అంతకు ముందు 2011లో శ్రీనగర్ నుంచి ఇలాంటిదే పది మంది పెద్దవాళ్ల కథనం వచ్చింది. కశ్మీరులో డి లోపం చాలా ఎక్కువ. లోపమంటే భయం ఎక్కువ ఉన్న చోటే అతి మోతాదు కూడా కనిపించింది.

లోపల జరిగేది ఇదీ. మామూలుగా డి విటమిన్ కాలేయంలో ఒక మెట్టు, మూత్రపిండాల్లో ఇంకో మెట్టు ఎక్కి చురుకైన రూపం దాలుస్తుంది. ఆ రెండో మెట్టు దగ్గర కాపలా ఉంది. శరీరానికి ఎంత కావాలో అంతే తయారవుతుంది. డోసు మరీ ఎక్కువైతే మొదటి మెట్టు మీది రూపమే గుట్టలుగా పేరుకుని, కాపలాను తప్పించుకుని నేరుగా పని మొదలుపెడుతుంది. పేగుల నుంచి కాల్షియం విపరీతంగా రక్తంలోకి వస్తుంది. అక్కడితో ఆగకుండా ఎముకల్లోని కాల్షియాన్ని కూడా కరిగించి బయటికి లాగుతుంది. ఎముకలు గట్టిపడతాయని తీసుకున్న మందు మోతాదు మించాక ఎముకనే కొరుకుతుంది. చాలామందికి ఈ ముక్క తెలియదు.

రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు కనపడే లక్షణాలు పేరుగల జబ్బులా ఉండవు. ఆకలి చచ్చిపోతుంది, వికారం, వాంతులు, మలబద్ధకం, ఒళ్లంతా బరువు, దాహం, మాటిమాటికీ మూత్రం. ఇంకా పెరిగితే మతిమరుపు, తికమక, పగలే మత్తుగా పడుకోవటం. పల్నాటి వేసవిలో ఇవి ఎవరికి లేవు? వాంతులూ నీరసమూ వడదెబ్బ కింద పోతాయి, కడుపుబ్బరం గ్యాస్ కింద పోతుంది, దాహమూ అతిమూత్రమూ సుగర్ కింద పోతాయి. ముసలాయన పొంతన లేకుండా మాట్లాడితే వయసు కింద పోతుంది. అందులోనూ ఒక ఉచ్చు ఉంది. కాల్షియం ఎక్కువైనప్పుడు మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. ఒంట్లో నీరు తగ్గితే కాల్షియం చిక్కబడుతుంది. చిక్కబడ్డ కాల్షియం మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తుంది. ఎయిర్ కండిషనర్ గదిలో కూర్చునే మనిషికి ఈ చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. నలభై అయిదు డిగ్రీల్లో మిరప కల్లాల దగ్గర పనిచేసే మనిషికి గబగబా తిరుగుతుంది. నీరసమని వచ్చినవాడికి "బలం" పేరుతో మళ్లీ ఒక డి సూది పొడిస్తే ఇక చెప్పేదేముంది.

ఈ సూది సంగతి కొంచెం చెప్పాలి. ఆరు లక్షల యూనిట్ల డి ఇంజక్షన్ మన దగ్గర చాలాకాలంగా వాడుకలో ఉంది. పేగులు మందును పీల్చుకోలేని రోగాల్లో దానికి చోటుంది, వైద్యుడి లెక్కలో ఉంటే తప్పు లేదు. పల్లెల్లో మాత్రం సూది మీద నమ్మకం బిళ్ల మీద లేదు. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి "సూది వేస్తే గానీ తగ్గదు" అని వెళ్లేవాళ్లు ఇవాళ కూడా ఉన్నారు. వేయించుకున్న సూదిలో ఏముందో అడిగేవాళ్లు తక్కువ, కాగితం మీద రాసేవాళ్లు అంతకన్నా తక్కువ. ఒక పెద్ద డోసు ఒక్కసారిగా ఇవ్వటం మంచిదేనా అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా నుంచి 2010లో ఒక జవాబు వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన 2,256 మంది ఆడవాళ్లలో సగం మందికి ఏడాదికొకసారి అయిదు లక్షల యూనిట్లు ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు. విరగడాలు తగ్గుతాయని ఆశ. తీరా చూస్తే డి తీసుకున్నవాళ్లు 15 శాతం ఎక్కువగా పడిపోయారు, 26 శాతం ఎక్కువగా ఎముకలు విరగ్గొట్టుకున్నారు. అదీ విషపు మోతాదు కాని మోతాదులో. మన సూదిలో ఉండేది దానికన్నా లక్ష ఎక్కువ.

ఒక మనిషి ఒక వైద్యుడి దగ్గరే ఉంటే మోతాదు తప్పటం కష్టం. మన దగ్గర చికిత్స సాగే దారి అది కాదు. మోకాళ్ల నొప్పికి ముందు ఊళ్లో డాక్టరు. తగ్గకపోతే "పేట వెళ్లి చూపించుకొద్దాం" అని నరసరావుపేట. అక్కడ ఎముకల డాక్టరు రక్తపరీక్ష రాయించి పొట్లాలు రాస్తాడు. నెల తర్వాత తిమ్మిర్లని ఇంకో డాక్టరు, ఆయన రాసే నరాల బిళ్లలో కూడా కొంత డి ఉంటుంది. గుంటూరులో చదువుకునే మనవరాలు ఆన్‌లైన్లో కొన్న మల్టీవిటమిన్ పంపుతుంది, అందులో మళ్లీ కొంత. కాల్షియం బిళ్ల వేరే, చాలా కాల్షియం బిళ్లల్లో డి కలిపే వస్తుంది. పాత చీటీ చూపించి మందుల షాపులో అవే పొట్లాలు మళ్లీ తెచ్చుకోవటం మామూలే. ఒక్కో చేతిలో చూస్తే తప్పు పెద్దదిగా కనపడదు. ఈ చేతులన్నిటిదీ కలిపి కూడేవాడు లేడు. కల్లులో నీళ్లు కలిపినవాడెవడో తేలకపోయినా రుచి మారినట్టే, ఇక్కడ కూడా ఎవరి తప్పో తేలకుండానే మోతాదు దాటుతుంది. వాడకం తీరు మీదా అయోమయముంది. షాపులో కుర్రాడు పొట్లం మీద పెన్నుతో గీసే ఒక్క గీత వారానికి ఒకటో రోజుకు ఒకటో చదువురాని అవ్వకు ఎలా తెలుస్తుంది? మిగతా బిళ్లలన్నీ రోజూ వేసుకునేవే అయినప్పుడు ఇది ఒక్కటే వారానికోసారి అంటే నమ్మబుద్ధి కూడా కాదు. "రోజూ వేసుకుంటే త్వరగా తగ్గుద్ది" అనుకోవటంలో ఆవిడ తర్కం ఆవిడకుంది.

నొప్పి ఎందుకు తగ్గదో కూడా చూడాలి. పల్నాటికి సంబంధించినంతవరకు అసలు విషయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ ప్రాంతపు మెట్ట మండలాల్లో, బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మాట పాతదే. పక్కనున్న అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల ఫ్లోరోసిస్ గురించి మద్రాసు వైద్యులు 1937లోనే రాశారు. భూగర్భ శిలల నుంచి నీటిలోకి దిగే ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగటానికి పనికిరాదని ప్రమాణాలు చెబుతాయి. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో ఎముక గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ లోపల సరిగా ఉండదు. నడుము పట్టేస్తుంది, మెడ తిరగదు, కీళ్లు బిగుసుకుంటాయి, కింద కూర్చుని లేవలేరు. 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో మోకాళ్లు లోపలికి ఒంగిపోయిన కుర్రవాళ్లను పరిశీలించారు. నాగార్జున సాగర్ వచ్చాక పెరిగిన భూగర్భ జలమట్టానికి, జొన్న గింజలో మారిన ఖనిజాల పాళ్లకు, ఆ వంకర కాళ్లకు సంబంధం ఉందని వాళ్లు వాదించారు. 1967లో సాగర్ నీళ్లు కాలువలకు వదిలిన నాటి నుంచి కుడి కాలువ కింద పల్నాటి భూమి ఎంత పచ్చబడిందో అందరికీ తెలుసు. కాలువ ఎక్కని మెట్ట మీద బోరే దిక్కయింది. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు కృష్ణ నీళ్లు ఎత్తిపోసే వరికపూడిశెల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. ఆ కరువు మండలాలకు తాగునీళ్లు కూడా ఆ పథకం లెక్కలోవే.

ఇప్పుడు ఫ్లోరైడ్ నడుము నొప్పి పడుతున్న మనిషి డి పరీక్ష చేయించుకుంటే ఏమవుతుంది? తక్కువే వస్తుంది. అందరికీ తక్కువ వచ్చే చోట ఆయనకూ తక్కువే వస్తుంది. పొట్లాలు మొదలవుతాయి. కాల్షియం తక్కువ తినే ఒంట్లో ఫ్లోరైడ్ చెరుపు ఎక్కువన్నది నిజమే, కాబట్టి కొద్దిపాటి కాల్షియం, డి వల్ల మేలుండొచ్చు. కానీ ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ పొట్లమూ కడిగేయదు. నొప్పి తగ్గదు. తగ్గలేదు కాబట్టి మందు చాలలేదనుకుంటారు, ఇంకో ఎనిమిది పొట్లాలు. నొప్పికి అసలు కారణం బోరు గొట్టంలో ఉండగా మందు షాపులో వెతికితే మోతాదు పెరుగుతూ పోవటం తప్ప దారి లేదు. లోపం తీరాక కూడా నొప్పి అలాగే ఉందంటే డి డోసు పెంచాలనే ఆలోచన మానుకుని నీళ్లు పరీక్ష చేయించమనటం వైద్యుల వంతు. గట్టిగా అడగటం మన వంతు.

కాల్షియం గురించి ఒక పక్కమాట. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయి, మందుల షాపులో అమ్మే చవక కాల్షియం బిళ్ల రసాయనంగా ఒక్కటే, కాల్షియం కార్బొనేట్. అందులో హేళన ఏమీ లేదు, ఒంటికి పట్టేది అదే. అయితే కాల్షియమూ దానితోపాటు క్షారగుణమూ ఎక్కువగా లోపలికి వెళ్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే స్థితి ఒకటుంది. వందేళ్ల కిందట అమెరికాలో కడుపు పుండ్లకు పాలూ క్షారాలూ కలిపి గంటగంటకూ పట్టే వైద్యంలో దీన్ని మొదట గుర్తించారు. తైవాన్‌లో సున్నం దట్టంగా పూసిన వక్క నమిలేవాళ్లలో కూడా చూశారు. మన ముసలమ్మల తమలపాకు సున్నం గోరంత. దానివల్ల భయం లేదు. ఆ గోరంతకు పూటకో కాల్షియం బిళ్ల, వారంలో రెండు మూడు డి పొట్లాలు, గ్యాస్‌కు వాడే క్షారం మందు చేరితే మాత్రం అన్నీ ఒకే గిన్నెలో పడతాయి.

ఈ అతి మోతాదు కథ మన దగ్గర మొదలైంది కాదు. 1930, 40లలో అమెరికాలో కీళ్లవాతానికి రోజుకు లక్షల యూనిట్ల డి ఇచ్చారు. కీళ్లు బాగుపడ్డాయో లేదో గానీ మూత్రపిండాల్లోనూ రక్తనాళాల్లోనూ కాల్షియం పేరుకున్నవాళ్లు పుట్టుకొచ్చారు. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడిలో, తృణధాన్యాల్లో, చేపనూనెలో ఎవరికి వారు డి కలిపారు. 1950ల మొదట్లో వాంతులతో, ఎదుగుదల ఆగిపోయి, కాల్షియం పెరిగిన పిల్లలు ఆసుపత్రులకు వచ్చారు. ఒక్కో పదార్థంలో మోతాదు సబబుగానే ఉంది, కూడితే ఎక్కువైంది. 1957లో బ్రిటన్ ఆ పాళ్లు తగ్గించింది. బోస్టన్ దగ్గర ఇంటింటికీ పాలు పోసే ఒక డెయిరీ పొరపాటున డి విపరీతంగా కలపటం వల్ల ఎనిమిది మంది జబ్బుపడ్డ సంగతి 1992లో బయటపడింది. మన ప్యాకెట్ పాల మీద ప్లస్ ఎఫ్ గుర్తుంటే అందులో డి చేర్చినట్టు. అది లీటరుకు కొన్ని వందల యూనిట్ల లోపే, దాని గురించి బెంగ అక్కర్లేదు. ఇదే పదార్థాన్ని పెద్ద మోతాదులో ఎలుకల మందుగా అమ్ముతారన్నది మాత్రం చాలామందికి వింతగా ఉంటుంది. ఎలుక చచ్చేది కూడా కాల్షియం పెరిగే.

అసలు ఎంత ఉంటే చాలు అన్న దగ్గర శాస్త్రవేత్తల్లోనే తగాదా ఉంది. అమెరికా వైద్య సంస్థ 2010లో 20 నానోగ్రాములు ఉంటే ఎముకలకు చాలునంది. అక్కడి హార్మోన్ల వైద్యుల సంఘం మరుసటి ఏడాదే 30 కావాలంది. మన లాబుల్లో అచ్చు వేసే కాగితం రెండోదాన్ని పట్టుకుంది. 25 వచ్చిన మనిషి ఒక లెక్కలో ఆరోగ్యవంతుడు, ఇంకో లెక్కలో రోగి. ఒక పట్టణంలో సగం మంది రోగులు కావటానికి ఆ పది పాయింట్ల తేడా చాలు. అమెరికాలో 25,871 మందిలో సగం మందికి అయిదేళ్లకు పైగా రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2019లో అచ్చయ్యాయి, క్యాన్సర్లు, గుండెపోట్లు తగ్గలేదు. 2022లో అదే పరీక్ష నుంచి ఎముకల లెక్క తీస్తే విరగడాలు కూడా తగ్గలేదు. కెనడాలో కాల్గరీలో మూడేళ్లపాటు 400, 4,000, 10,000 యూనిట్ల మోతాదులు పోల్చి చూస్తే ఎక్కువ తీసుకున్నవాళ్ల ముంజేతి ఎముక సాంద్రత తగ్గింది, పెరగలేదు. ఇవన్నీ చూశాక 2024లో ఆ హార్మోన్ల వైద్యుల సంఘమే తన పాత మాట సవరించుకుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఊరికే డి పరీక్షలు చేయనక్కర్లేదంది, డెబ్బై అయిదేళ్లలోపు వాళ్లకు రోజువారీ సిఫార్సుకు మించి ఇవ్వనక్కర్లేదంది. పాత కాగితం మాత్రం మన లాబుల్లో ఇంకా అచ్చవుతూనే ఉంది. "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీల్లో డి ఉండి తీరుతుంది, తక్కువ వచ్చి తీరుతుంది.

ఆ పరీక్షలన్నీ తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న, తిండిలో కాల్షియానికి లోటు లేని దేశాల్లో జరిగినవి కదా, మనకెలా వర్తిస్తాయి అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర ఎముకలు మెత్తబడి నడుం వంగే ఆడవాళ్లు, రికెట్స్ పిల్లలు నిజంగా ఉన్నారు. వాళ్లకు డి ప్రాణం పోస్తుంది. లోపం ఉన్నవాళ్లకు ఇవ్వొద్దని ఆ పరీక్షలేవీ చెప్పలేదు. లోపం తీరాక కూడా ఇస్తూ పోతే మేలు పెరగదని మాత్రం చెప్పాయి.

పసిపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పుట్టిన బిడ్డకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు చాలామంది పిల్లల వైద్యులు రాస్తారు, సబబే. చిక్కు సీసాలో ఉంది. ఒక కంపెనీ సీసాలో మిల్లీలీటరుకు 400 ఉంటే ఇంకో దానిలో 800. షాపులో మొదటిది లేక రెండోది ఇస్తే, తల్లి అలవాటుగా అంతే పోస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2010లో పిల్లల డ్రాపర్ల గురించే ప్రత్యేకంగా హెచ్చరించింది, చుక్కలు కొలిచే గొట్టం పెద్దదైతే బిడ్డకు మోతాదు మించుతుందని. రెట్టింపు వల్ల సాధారణంగా విషం కాదు. నడక ఆలస్యమైందనో పళ్లు రాలేదనో బిడ్డకు ఆరు లక్షల సూది వేస్తేనే భయం. అలాంటి పిల్లలు వాంతులతో, నీరు ఆరిపోయి ఆసుపత్రికి చేరిన సందర్భాలు మన దేశపు వైద్య పత్రికల్లోనే ఉన్నాయి.

మామూలు మోతాదు కూడా కొందరికి పడదు. క్షయ ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోని కణాలు కాపలా లేకుండా డిని చురుకైన రూపంలోకి మార్చగలవు. అలాంటివాళ్లకు కొద్దిగా ఇచ్చినా కాల్షియం పెరగొచ్చు. బీపీకి వాడే కొన్ని మూత్రపు బిళ్లలు కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వవు. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు, మూత్రపిండాలు ముందే దెబ్బతిన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. కృష్ణకు అవతలి ఒడ్డున ఎ.కొండూరులో, ఉత్తరాన ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎంత విస్తరించాయో చూశాం. నొప్పి బిళ్లలు రోజూ మింగే అలవాటున్న పల్నాటి కూలీ కిడ్నీల మీద కాల్షియం భారం కూడా వేయటం మంచిది కాదు. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు కాల్షియం పెరిగితే గుండె లయే తప్పుతుంది.

డి విషంగా మారిందని అనుమానం వస్తే చేయవలసిన పరీక్ష ఖరీదైనది కాదు. రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ ఈ రెండూ ఏ పట్టణంలోనైనా చేస్తారు. విచిత్రమేమిటంటే వేలు పోసి డి పరీక్ష చేయించుకున్నవాళ్లు కూడా కాల్షియం చూపించుకోరు. కాల్షియం ఎక్కువగా వచ్చిందంటే మొదటి పని డి, కాల్షియం అన్నీ ఆపటం. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి కాల్షియాన్ని బయటికి పంపుతారు, అవసరమైతే స్టెరాయిడ్లు, ఎముక కరగటాన్ని ఆపే మందులు ఇస్తారు. మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగితే పోతుందనుకుని ఇంట్లో కూర్చునే జబ్బు కాదిది. కొవ్వులో దాగిన డి రోజుల్లో ఖాళీ అవదు. రక్తంలో తిరిగే దాని రూపం సగానికి తగ్గటానికే రెండు మూడు వారాలు పడుతుంది, కొవ్వులో నిల్వ ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. కాల్షియం ఒకసారి దిగినా మళ్లీ పెరగొచ్చు కాబట్టి నెలల తరబడి వెళ్లి చూపించుకుంటూ ఉండాలి. చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మూత్రపిండాల్లో కాల్షియం గడ్డకట్టిన కొందరికి అవి మునుపటిలా ఎప్పటికీ పనిచేయవు.

అంతవరకు రాకుండా చేయగలిగినది పెద్ద పథకం కాదు. వారానికి ఒక పొట్లం రాసిన చీటీలో ఏ రోజున వేసుకోవాలో, ఎన్నో వారానికి ఆపాలో తెలుగులో రాయించుకోవాలి. షాపులో ఎనిమిదీ ఒకేసారి ఇచ్చినా నాలుగే తెచ్చుకోవాలి. ఇంట్లో వాడుతున్న ప్రతి బిళ్ల డబ్బానూ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఎన్నింటిలో డి ఉందో ఆయన అయిదు నిమిషాల్లో చెబుతాడు. బొల్లాపల్లి వైపు నుంచి నడుము నొప్పితో పేటకు వచ్చే మనిషయితే ఆ సంచిలో బోరు నీళ్ల సీసా కూడా ఒకటి పెట్టుకోవాలి.